ధమనిలో ఎముక

షుగర్ ముదిరి తీసేసిన కాలు మా పాథాలజీ ల్యాబ్ బల్ల మీదికి వస్తే, నా చెయ్యి ముందుగా వెతికేది మోకాలి కింది ధమనినే. కత్తెర పడగానే కరకరమంటుంది, గుడ్డుపెంకు నలిగినట్టు. ఎన్నేళ్లు విన్నా ఆ చప్పుడు నాకు అలవాటు కాలేదు.

అలాంటి ముక్కని నేరుగా మైనంలో పొదిగి కొయ్యబోతే మైక్రోటోమ్ బ్లేడు పాడవుతుంది. ముందు యాసిడ్‌లో నానబెట్టి సున్నం దించాలి. పీజీ చదివే రోజుల్లో, రిపోర్టు త్వరగా ఇవ్వాలని ఒక ముక్కని నైట్రిక్ యాసిడ్‌లో వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున మెత్తగానే తెగింది. స్లైడులో మాత్రం అంతా వెలిసిన గులాబీ రంగు. ఒక్క కేంద్రకమూ కనిపించలేదు. 'కాల్షియం పేరుకుంది' అని రాసిచ్చాను. మా ప్రొఫెసర్‌గారు ఏమీ అనలేదు. అదే ధమనిలో మిగిలిన ముక్కని ఫార్మిక్ యాసిడ్‌లో వేయించి, రోజూ ద్రవం మార్పించి, ఐదో రోజు కోయించారు. "ఇప్పుడు చూడమ్మా" అన్నారు.

పొరలు పొరలుగా ఎముక! చిన్న చిన్న గుంతల్లో ఒక్కొక్క ఎముక కణం. నడుమ మూలుగ. రక్తం పారే నాళం గోడలో, రక్తాన్ని పుట్టించే మూలుగ! నా తొందర కరిగించేసింది సరిగ్గా దీన్నే.

సున్నం పట్టిన ప్రతి నాళంలోనూ, ప్రతి గుండె కవాటంలోనూ ఇలా ఎముక కట్టదు. 2001లో అచ్చయిన ఒక పరిశీలనలో, ఆపరేషన్‌లో తీసిన 347 గుండె కవాటాల్ని చూస్తే 36 కవాటాల్లో ముదిరిన ఎముక కనిపించింది. అయినా 'పైపులో గార పట్టినట్టు' అని పేషెంట్లకు చెప్పే పోలిక నాకు మింగుడుపడదు. గార దానంతటదే పడుతుంది. ఇక్కడ కణాలు పనిచేస్తాయి. కిడ్నీలు చెడి రక్తంలో ఫాస్ఫేట్ పెరిగితే అది ధమని గోడలోని కండర కణంలోకి చొరబడుతుంది. ఎముక కట్టించే రన్‌ఎక్స్2 జన్యువు మేలుకుంటుంది. ముడుచుకుని సాగాల్సిన కణం తన పని మానేసి, సన్నని బుడగలు విడుస్తుంది. వాటిలోనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు మొలుస్తాయి.

దీన్ని ఆపే కాపలాదారూ ఒంట్లో ఉంది: మ్యాట్రిక్స్ గ్లా ప్రొటీన్. విటమిన్ కె అందితేనే అది పనిచేస్తుంది. 1997లో అచ్చయిన ఒక ప్రయోగంలో, ఆ ప్రొటీన్ లేకుండా పుట్టించిన ఎలుకలు, ధమనులు గట్టిపడి చిట్లి, రెండు నెలల్లోపే చచ్చిపోయాయి. అంటే ధమని మెత్తగా ఉండటం కూడా రోజూ జరగాల్సిన పనే.

నిన్న మా టెక్నీషియన్ అడిగింది, "మూడు రోజులైంది, తీసేద్దామా మేడమ్?"

ముక్కని వేళ్ల మధ్య వంచి చూశాను. ఇంకా బిరుసుగానే ఉంది. ద్రవం మార్చి మళ్లీ వెయ్యమన్నాను.