న్డావుల మడుగులో ఎవరుంటారు?

మా బడిలో నాలుగో తరగతి పిల్లలకు ఒకసారి నీటి ఉపయోగాల పాఠం చెబుతున్నాను. తాగడానికి, వంటకు, స్నానానికి, సాగుకు అని బోర్డు మీద రాశాను. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే మెస్రం వారి పాప లేచి, "నాగోబాకు తీసుకుపోవడానికి సార్" అన్నది. బాగుంది కూర్చో అన్నానే గానీ బోర్డు మీద రాయలేదు. పుస్తకంలో ఆ జవాబు లేదు. ఆఫ్రికాలోని న్డావుల గురించి చదువుతున్నప్పుడు ఆ పాప మాట మళ్లీ గుర్తొచ్చింది.

న్డావులు జింబాబ్వే తూర్పు అంచున చిపింగే, చిమానిమాని ప్రాంతాల్లోనూ, సరిహద్దు దాటితే మధ్య మొజాంబిక్‌లోనూ ఉంటారు. సావే, బూజి నదులు పారే నేల వారిది. ఇలాంటి ప్రజల మతం గురించి రాసేవారికి బాగా అలవాటైన వాక్యం ఒకటుంది: నీరు వారికి జీవానికి, శుద్ధికి ప్రతీక అని. వినడానికి గౌరవంగానే ఉంటుంది. నా అభ్యంతరం ఆ 'ప్రతీక' అన్న మాట మీదనే.

న్డావుల్లోనూ చుట్టుపక్కల షోనా ప్రజల్లోనూ లోతైన మడుగుల్లో న్జుజు అనే నీటి శక్తులు ఉంటాయని చెబుతారు. న్జుజు ఒక మనిషిని నీటి అడుగుకు తీసుకుపోతే ఇంటివారు ఏడవకూడదు. ఏడిస్తే ఆ మనిషి తిరిగి రాడు. దుఃఖం దిగమింగుకొని, చేయవలసిన క్రతువు చేస్తే వైద్యం నేర్చుకొని తిరిగి వస్తాడు. అంటే మడుగు వారికి ఒక బడి. అక్కడ చదువు చెప్పేవారున్నారు, నియమాలున్నాయి. అలాంటి పవిత్రమైన ఊటలో మసిపట్టిన కుండ ముంచకూడదు, సబ్బు వాడకూడదు. ఒకరి ఇంటికి వెళ్లినప్పుడు పాటించే మర్యాదలాంటిదే ఇది. ప్రతీకకు ఎవరూ మర్యాద చేయరు.

వాన సంగతీ అంతే. చిపింగే ప్రాంతంలో ముసికవాను అనే దొరల వంశం వానను అడిగే అధికారానికి పేరుపొందింది. ఆ పేరుకు మనుషులను సృష్టించినవాడని అర్థం. చిరుధాన్యం పులియబెట్టి తీసిన కల్లును పూర్వీకులకు ఆరబోసి, వారి ద్వారా వానను అడుగుతారు. వాన ఆకాశం నుంచి ఊరికే పడేది కాదు, చనిపోయిన పెద్దలు, బతికున్న వంశం కలిసి తెచ్చేది. వాన రాకపోతే జవాబు చెప్పవలసినవాడు ఒకడుంటాడు.

న్డావుల్లో ద్జివా అనే గోత్రం ఉంది. ద్జివా అంటే మడుగు. ఆ గోత్రంవారు చేపను ముట్టరు. పందొమ్మిదో శతాబ్దంలో దక్షిణం నుంచి వచ్చిన గాజా న్గూనిలు న్డావులను పాలించారు. వారి చివరి రాజు గుంగున్యానాను పోర్చుగీసువారు 1895లో పట్టుకున్నారు. ఆ పాలన పోయినా ద్జివా గోత్రంలో చాలామందికి మ్లాంబో అనే ఇంటిపేరు మిగిలింది. న్గూని భాషల్లో ఆ మాటకు నది అని అర్థం. పాలకుల భాష ఇంటిపేరును మార్చింది గానీ అందులోంచి నీటిని తీసేయలేకపోయింది.

నీరు ప్రతీకే అయితే ఏ నీరైనా సరిపోవాలి, కుళాయి నీరైనా సరే. కేస్లాపూర్‌లోనూ కుళాయిలున్నాయి. అయినా మెస్రం వంశీయులు ఝరి పట్టుకొని కాలినడకన హస్తినమడుగుకు పోయి, అక్కడి గోదావరి నీటినే తెచ్చి పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు అభిషేకం చేస్తారు. ఆ నీరే కావాలి, ఆ వంశమే తేవాలి. న్డావుల మతం, మా మతం ఒకటని నేను అనడం లేదు. నీరంటే ఒక ఫలానా చోటు, దానితో ఫలానా వారికి ఉండే బాధ్యత అన్న సంగతి మాత్రం రెండు చోట్లా కనిపిస్తుంది. ఇది మరచిపోతే ఒక మడుగును ముంచి, ఇంకోచోట చెరువు తవ్వి ఇచ్చాం కదా అనడం సులువవుతుంది.

2019 మార్చిలో ఇడాయ్ తుపాను న్డావుల నేల మీదుగానే పోయింది. మొజాంబిక్, జింబాబ్వే, మలావీల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. చిమానిమాని దిగువన రుసితు, న్యాహోడే నదులు కలిసే చోట ఉన్న కోపా అనే చిన్న పట్నం ఒక్క రాత్రిలో కొట్టుకుపోయింది. చాలామంది శవాలు దొరకనే లేదు. చనిపోయినవారిని సొంత నేలలో పూడ్చి, క్రతువు చేసి, వారి ఆత్మను ఇంటికి పిలుచుకునే ప్రజలకు అంతకంటే పెద్ద నష్టం లేదు. నీరు జీవానికి ప్రతీక అన్న వాక్యం ఆ ఇళ్లలో నిలబడదు. పూర్వీకులున్న నీరే పిల్లలను సమాధి లేకుండా తీసుకుపోయింది. అది నదుల కోపమని నేను అనను. రెండు నదుల కూడలిలో పట్నం పెరగనివ్వడం మనుషులు చేసిన పని.

మనవాళ్లు మరో పొరపాటు చేస్తుంటారు. ఇలాంటి నియమాలన్నీ పర్యావరణ శాస్త్రమేనని పొగుడుతారు. నెలసరిలో ఉన్న ఆడవారు పవిత్రమైన ఊట దగ్గరికి రాకూడదన్న నియమం కూడా అక్కడ ఉంది. నీళ్లు మోసేది వారే, దూరం ఉండవలసిందీ వారే. పొగడ్తలో ఈ భారం కనిపించదు. మన పండుగల గురించి రాసేటప్పుడూ దీన్ని దాచకూడదు.

మొజాంబిక్‌లో పుట్టి అమెరికాలో చదువుకున్న కంబా సిమాంగో అనే న్డావు మనిషి తన ప్రజల కథలను, సామెతలను మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయస్‌తో కలిసి 1922లోనే అచ్చువేశాడు. కథలు చెప్పినవాడిగా మాత్రమే మిగలకుండా రచయితగా తన పేరు పెట్టుకున్నాడు. మన మడుగుల గురించి మనమే రాయకపోతే ఎవరో వచ్చి ప్రతీక అని ఒక్క మాటలో తేల్చేస్తారు. వారినెందుకు అనాలి? ఆ రోజు బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకొని నేను చేసిందీ అదే. ఈసారి ఆ పాఠం వచ్చినప్పుడు పాప చెప్పిన జవాబునే మొదట రాస్తాను.