గుబులు తెలిసిన గురువులు

2022–23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలొచ్చాయి. చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల బడుల్లో పాఠం చెప్పబోయే డీఎడ్ (ఉపాధ్యాయ శిక్షణ) విద్యార్థుల్లో తెలుగు మీడియంలో చదివినవాళ్లకు గుబులే. ఉచ్చారణ తప్పితే? పిల్లలు నోరు విప్పకపోతే? అయినా బొమ్మల కార్డులు కత్తిరిస్తారు, పాఠాన్ని ముందే పైకి చదివి చూసుకుంటారు. పిల్లలు రోజూ పొలంలో చూసే టమాట, క్యారెట్, గులాబీలతోనే మాటలు మొదలుపెడతారు. పిల్ల తెలుగులో జవాబిస్తే మెచ్చుకుని, అదే మాటను ఇంగ్లిష్‌లో అందిస్తారు. తప్పుకు కసరకపోవడమే ఈ పనిలో అసలు నేర్పు. తామూ భయపడ్డవాళ్లకే పసివాళ్ల భయం అర్థమవుతుంది. అలాంటి పంతుళ్లు, పంతులమ్మలు మన బడులకు దొరకడం అదృష్టం.