ప్లాస్టర్ చంద్రుడు

జేమ్స్ నాస్మిత్, జేమ్స్ కార్పెంటర్ కలిసి 1874లో లండన్ నుంచి ‘ది మూన్’ అనే పుస్తకం తెచ్చారు. పేజీలు తిప్పుతుంటే కోపర్నికస్ బిలం వస్తుంది. మెట్లు మెట్లుగా దిగే గోడలు, నడుమ కొండలు, పక్కన చిక్కటి నల్లటి నీడ. ఆ కాలంలో ఇంత స్పష్టంగా ఎలా తీశారబ్బా అనిపిస్తుంది. తీయలేదు. టెలిస్కోపులో చూసి బొమ్మ గీసి, ఆ బొమ్మను బట్టి ప్లాస్టర్ నమూనా చేసి, దాన్ని ఏటవాలు ఎండలో పెట్టి ఫోటో తీశారు. ఈ సంగతి దాచలేదు కూడా, ముందుమాటలోనే చెప్పేశారు.

ఇవాళ దీన్ని ‘ఫేక్’ అని కొట్టిపారేయడం తేలిక. నేను ఏడాదిన్నరగా మేడ మీద నుంచి చంద్రుణ్ణి ఫోటో తీయడం నేర్చుకుంటున్నాను. పని తెలిసేకొద్దీ ఈ పుస్తకం మీద గౌరవం పెరిగింది. ఒక గట్టి అభ్యంతరమూ ఏర్పడింది.

కెమెరా పట్టినవాళ్లకు పున్నమి పనికిరాదు. మన కవిత్వమంతా పున్నమి వైపే గానీ, ఆ రాత్రి ఎండ దాదాపు మన వెనక నుంచి సూటిగా పడుతుంది. నీడలుండవు. నీడ లేకపోతే గొయ్యి ఏదో గుట్ట ఏదో తెలియదు. చంద్రుడికి శశాంకుడనే పేరు తెచ్చిన కుందేలు మాత్రం బాగా కనపడుతుంది, ఎందుకంటే అది గడ్డకట్టిన లావా మైదానాల రంగు. బిలాలు కావాలంటే సప్తమి నుంచి ఏకాదశి లోపు, వెలుగూ చీకటీ కలిసే అంచు దగ్గర వెతకాలి. కోపర్నికస్ మీద తెల్లవారేది దాదాపు నవమి, దశమికి. ఎక్స్‌పోజర్‌కి కొత్తవాళ్లకు ఓ లెక్క చెప్తారు: ఎఫ్/11 దగ్గర ఐఎస్‌ఓ 100 అయితే షట్టర్ సెకనులో నూరో వంతు. రాత్రిపూట ఇంత తక్కువా అనిపిస్తుంది గానీ, మనం తీస్తున్నది ఎండలో ఉన్న రాయిని. ఆటోలో వదిలేస్తే కెమెరా చుట్టూ ఉన్న నలుపు చూసి కంగారుపడి ఇడ్లీ లాంటి చంద్రుణ్ణి ఇస్తుంది.

ఇవన్నీ సులువే. చిక్కంతా గాలితో. టెలిస్కోపులో చంద్రుడు వాగు అడుగున గులకరాయిలా వణుకుతూ ఉంటాడు. ఒక్క లిప్తపాటు గాలి నిలుస్తుంది, బిలం అంచు చెక్కినట్టు కనిపిస్తుంది, మళ్లీ పోతుంది. అందుకే ఇప్పుడు చాలామంది ఫోటోకి బదులు వీడియో తీస్తారు. రెండు వేల ఫ్రేములు ఇస్తే సాఫ్ట్‌వేర్ ఒక్కోదానికి స్పష్టతను బట్టి మార్కులు వేస్తుంది. అందులో మంచివి ఓ రెండొందలు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, సగటు తీస్తుంది. ఆ పైన అంచులకు పదును పెడతాం. చివరికి వచ్చిన చిత్రం ఏ ఒక్క క్షణంలోనూ ఆకాశంలో లేదు. అయినా నిస్సంకోచంగా ఫోటో అనే అంటాం.

నాస్మిత్ చేసింది ఇదే, కంప్యూటర్ లేకుండా. ఆయన చిత్రకారుడి కొడుకు. వృత్తికి ఇంజనీరు, ఆవిరి సమ్మెట కనిపెట్టినవాడు. 48 ఏళ్లకే ఫ్యాక్టరీ వదిలేసి (ఈ వాక్యం రాస్తుంటే అసూయగానే ఉంది) టెలిస్కోపుకి అతుక్కుపోయాడు. అప్పటి ఫోటో పలకలకు వెలుగు చాలాసేపు కావాలి. ఆ సేపట్లో గాలి వణుకంతా పలక మీద పేరుకుని వివరం మసకబారేది. కన్ను అలా కాదు, వణుకును వదిలేసి నిలిచిన లిప్తను పట్టుకుంటుంది. మంచి ఫ్రేములు ఏరే పని ఆయన కన్ను చేసింది, పేర్చే పని చెయ్యి చేసింది. ప్లాస్టర్ ఆయనకు దొరికిన ఫైల్ ఫార్మాట్, అంతే.

నా అభ్యంతరం ప్లాస్టర్‌తో కాదు, శిఖరాలతో. ఆయన కొండలు సూదుల్లా నిటారుగా లేచి ఉంటాయి. అపోలో యాత్రికులు అక్కడికి వెళ్లి తీసిన ఫోటోల్లో కొండలు గుండ్రంగా, అరిగిపోయినట్టు ఉన్నాయి. వాలు ఎండలో చిన్న గుట్ట నీడ కూడా పొడుగ్గా, మొన తేలి పడుతుంది. సాయంత్రం నీడ చూసి మనిషిని గీస్తే తాటిచెట్టంత వస్తాడు. నాస్మిత్ నీడ మొననే కొండ మొన అనుకున్నట్టున్నాడు. పైగా బిలాలు అగ్నిపర్వతాల పని అన్నది ఆయన సిద్ధాంతం. దాదాపు అన్నీ గ్రహశకలాలు ఢీకొని ఏర్పడ్డవని మనకిప్పుడు తెలుసు. అగ్నిపర్వతాలు అనుకుంటూ చూసిన కంటికి నిటారు కొండలు కనపడటంలో వింతేముంది? గాలిని జయించిన కన్ను నమ్మకం దగ్గర ఓడింది.

ఇక ఫోన్లు. 2023లో ఒకరు చంద్రుడి బొమ్మను కావాలనే మసకబార్చి, కంప్యూటర్ తెర మీద పెట్టి, చీకటి గదిలో ఒక ఖరీదైన ఫోన్‌తో తీశారు. ఆ మసకలో లేని వివరాలు ఫోటోలో వచ్చాయి. చంద్రుడు ఎప్పుడూ దాదాపు ఒకే ముఖం చూపిస్తాడు గనుక, ఆ ముఖం ముందే నేర్చుకున్న ప్రోగ్రాముకి ఇది కష్టం కాదు. ‘మీ నాస్మిత్ కూడా లేనిది చేర్చాడుగా, తేడా ఏంటి?’ అని ఆఫీసులో ఒక మిత్రుడు అడిగాడు. తేడా ఉంది. నాస్మిత్ ఏం చూశాడో, ఎలా చేశాడో, ఏం నమ్మాడో అన్నీ పుస్తకంలోనే ఉన్నాయి కాబట్టి ఆ సూది కొండల మీద నేను ఇన్ని వాక్యాలు పోట్లాడగలిగాను. ఫోన్ ఫోటోలో ఏ గీత ఈ రాత్రి వెలుగుది, ఏది పాత పాఠానిది అన్నది ఎవర్ని అడగాలి?

పుస్తకంలో నాకు బాగా నచ్చిన పలకలో చంద్రుడూ లేడు, ప్లాస్టరూ లేదు. ముడతలు పడ్డ ఒక చెయ్యి, వాడిపోయిన ఒక ఆపిల్. లోపలిది కుంచించుకుపోతే పైతోలు ముడతపడి కొండలు లేస్తాయని చెప్పడానికి పెట్టారు. చంద్రుడి కొండల విషయంలో ఆ వాదన నిలవలేదు. స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ చేతిని కాస్త పెద్దది చేసి చూడండి.