కంప్యూటరు సాక్ష్యము - చట్టములోని వేలిముద్ర

భారతీయ సాక్ష్య అధినియమము 2024 జులై 1వ తేదీన అమలులోనికి వచ్చినది. 1872 నాటి పాత సాక్ష్యచట్టము ఆనాటితో ముగిసినది. ఈ క్రొత్త చట్టము చివర ఒక అనుబంధము, అందులో ఒక ధ్రువపత్రపు నమూనా కలవు. సెల్‌ఫోనులోని సందేశముగాని, కెమెరా తీసిన దృశ్యముగాని, కంప్యూటరునుండి తీసిన నకలుగాని న్యాయస్థానమునకు సాక్ష్యముగా సమర్పింపదలచినవారు 63వ సెక్షను ప్రకారము ఈ ధ్రువపత్రమును జతచేయవలెను. నమూనాలో నాలుగు చిన్న గడులు కనబడును. వాని ప్రక్కన వరుసగా షా1, షా256, ఎండీ5, 'ఇతరము' అని వ్రాయబడి యున్నది. వీనిలో ఒకదానికి గుర్తు పెట్టి, ఆ పద్ధతిలో వచ్చిన సంఖ్యను అచ్చట వ్రాయవలెను.

చూచుటకు ఇవి సంతకమునకు ముందు నింపవలసిన మామూలు ఖాళీలవలెనే యుండును. కాని ఒక దేశపు శాసనము గణితశాస్త్రమును పేరుపెట్టి పిలిచి, సాక్ష్యమునకు రమ్మన్న చోటు ఇది. పేరు పెట్టి పిలిచిన ముగ్గురిలో ఇద్దరు అప్పటికే మాట తప్పినవారగుట విచారింపదగిన విషయము.

ఈ పేర్లు సూచించు ప్రక్రియను హ్యాషింగు అందురు. దీని మూలభావము మన బడులకు క్రొత్తది కాదు. పూర్వము గుణకారము సరిచూచుకొనుటకు తొమ్మిదులను తీసివేయు పద్ధతి యుండెడిది. 4,732 అను సంఖ్యలోని అంకెలను కూడిన 16. ఆ 16లోని అంకెలను కూడిన 7. ఎంత పెద్ద సంఖ్యయైనను చివరకు ఒక్క అంకెగా కుదియును. ఎచ్చటనైన ఒక అంకె తప్పుపడినచో సాధారణముగా ఆ చివరి అంకె మారి తప్పు బయటపడును. అయితే 4,732కు బదులుగా 7,432 అని వ్రాసినను 7 వచ్చును. తెలియక చేసిన పొరపాటును పట్టుకొనుటకే గాని, తెలిసి చేయు మోసమును పట్టుకొనుటకు ఈ కాపలా చాలదు.

మోసగానికిని లొంగని కాపలాయే హ్యాషింగు లక్ష్యము. ఫైలులో నున్నది అక్షరములైనను, బొమ్మయైనను, పాటయైనను కంప్యూటరు దృష్టిలో అది 0, 1 ల వరుసయే. ఆ వరుసను ముక్కలుగా తీసికొని, కలగలిపి, మడిచి, మరల కలిపి చివరకు నిర్ణీతమైన పొడవుగల ఒక సంఖ్యగా మార్చుదురు. షా256 పద్ధతిలో ఈ సంఖ్య 256 బిట్ల పొడవుండును. వాడుకలో దానిని 64 గుర్తులుగా వ్రాయుదురు. రెండు గంటల చలనచిత్రమునకైనను ఒక్క వాక్యమునకైనను 64 గుర్తులే. ఫైలులో ఒక్క బిట్టు మారిన చాలును, ఫలితములో ఇంచుమించు సగము బిట్లు తారుమారగును. పాఠశాల కంప్యూటరుపై ఉపాధ్యాయులు దీనిని ఐదు నిమిషములలో చూపవచ్చును. ఒక వాక్యమును ఫైలుగా వ్రాసి దాని సంఖ్యను తీసి, పిమ్మట వాక్యము చివరి చుక్కను మాత్రము తొలగించి మరల తీసినచో, రెండు సంఖ్యలకు పోలికయే కనబడదు. వేలిముద్రను చూచి మనిషి రూపమును గీయజాలనట్లే, ఈ సంఖ్యను చూచి ఫైలును తిరిగి కట్టుట సాధ్యము కాదు. కావుననే దీనిని ఫైలు యొక్క వేలిముద్ర యని చెప్పుట వాడుకయైనది.

ఇట్టి సాధనము చట్టములోనికి వచ్చుటకు మునుపు మన న్యాయస్థానములు పడిన అవస్థ చిన్నది కాదు. 1872 చట్టమును రచించిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ కాలమునకు పత్రమనగా కాగితమే. అసలు పత్రము ముఖ్యసాక్ష్యము. నకలు దానికి రెండవది. కంప్యూటరు వచ్చిన పిదప ఈ విభజనమునకు అర్థము పలుచబడినది. ఫైలును నూరుమార్లు నకలుచేసినను నూరవ నకలు మొదటిదానితో బిట్టుకు బిట్టు సమానము. ఈ చిక్కును తీర్చుటకు 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము పాత సాక్ష్యచట్టములో 65బి అను సెక్షనును చేర్చినది. కంప్యూటరు ఆ కాలమున క్రమముగా వాడుకలో నున్నదనియు, సరిగా పనిచేయుచున్నదనియు, దానిని వాడు కార్యకలాపమునకు బాధ్యుడైన వ్యక్తి ధ్రువపత్రము వ్రాసి సంతకము చేయవలెను.

ఈ మాటలు ఇచ్చట పుట్టినవి కావు. 1968 నాటి బ్రిటిషు పౌరసాక్ష్య చట్టములోని 5వ సెక్షనునుండి ఇంచుమించు యథాతథముగా తెచ్చినవి. అప్పటికి కంప్యూటరనగా గదినిండ నుండు యంత్రము. దానికొక అధికారి, ఒక దినచర్య పుస్తకము ఉండెడివి. అట్టి యంత్రమునకు ధ్రువపత్రము వ్రాయగల మనిషి తేలికగా దొరకును. బ్రిటనులో 1995 చట్టము ఆ సెక్షనును తొలగించినది. ఐదేండ్ల పిమ్మట అది మన దేశమున ప్రవేశించినది. అచ్చట విప్పి పారవేసిన చొక్కాను ఇచ్చట పండుగకు తొడిగికొన్నట్లయినది.

పిమ్మట సుప్రీంకోర్టు నాలుగు తీర్పులలో మూడుమార్లు త్రోవ మార్చుకొన్నది. పార్లమెంటుపై దాడి కేసులో 2005లో ధ్రువపత్రము లేకున్నను ఫోనుల జాబితాను అంగీకరించెను. 2014లో అన్వర్, బషీర్‌ల ఎన్నికల వివాదమున ధ్రువపత్రము లేని సి.డి.లు చెల్లవనెను. 2018లో, పరికరము తన చేతిలో లేనివాడు ధ్రువపత్రము ఎచ్చట తేగలడని సడలింపు చూపెను. 2020 జులై 14న ముగ్గురు న్యాయమూర్తుల పీఠము ఆ సడలింపును త్రోసిపుచ్చి, ధ్రువపత్రము తప్పనిసరి యని తేల్చెను.

ఈ చివరి వ్యాజ్యము మహారాష్ట్రలోని జాల్నా నియోజకవర్గమునకు సంబంధించినది. 2014 శాసనసభ ఎన్నికలలో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ 296 ఓట్ల ఆధిక్యతతో గెలిచెను. ఆయన నామినేషను పత్రములు మధ్యాహ్నము 3 గంటల గడువు దాటిన పిదప దాఖలైనవని ప్రతిపక్షులు వాదించిరి. ఎన్నికల అధికారి కార్యాలయము లోపలను వెలుపలను కెమెరాలు ఉండెను. వాని దృశ్యములు సి.డి.లుగా న్యాయస్థానమునకు వచ్చెను. కాని ధ్రువపత్రము వ్రాసి ఇమ్మని ఎన్నికల యంత్రాంగమును ఎన్నిమార్లు అడిగినను అది రాలేదు. చివరకు హైకోర్టు ఎన్నికల అధికారి నోటిసాక్ష్యమునే చాలిన ఆధారముగా గ్రహించి ఎన్నికను రద్దుచేసినది. సుప్రీంకోర్టు ధ్రువపత్రమునకు బదులు నోటిమాట చెల్లదనుచునే, ఇతర సాక్ష్యమును బట్టి ఫలితమును నిలబెట్టెను. అంతేకాదు, శక్తివంచన లేక ప్రయత్నించినను పత్రము పొందజాలనివానిని శిక్షింపరాదనియు, దానిని తెప్పించు అధికారము న్యాయస్థానమునకు కలదనియు చెప్పెను. ఇది న్యాయమైన మాట. అయితే ఇన్నేండ్ల వాదములో అందరును పట్టుకొని పెనగులాడినది ఒక సంతకమును గూర్చి. ఆ సి.డి.లోని దృశ్యము కెమెరానుండి వచ్చిన పిదప మారినదా లేదా యన్న ప్రశ్నకు ఆ సంతకము సమాధానము కాదు.

ఇచ్చట రెండు ప్రశ్నలను వేరుపరచి చూడవలెను. యంత్రము మొదట సరిగా వ్రాసినదా? అది వ్రాసినది తరువాత మారకుండ నిలిచినదా? 65బి ధ్రువపత్రము మొదటి ప్రశ్నను అడిగినది, దానికి ఒక ఉద్యోగి మాటను సమాధానముగా తీసికొన్నది. రెండవ ప్రశ్నను సరిగా అడుగనేలేదు.

మొదటి ప్రశ్నను కూడ వదలివేసిన ఏమగునో బ్రిటను చూపినది. అచ్చట నేరవిచారణలో కంప్యూటరు సరిగా పనిచేయుచున్నదని నిరూపింపవలెనను నియమమును 1999 చట్టము తొలగించెను. నాటినుండి ఎదుటివారు సందేహము చూపనంతవరకు యంత్రము సరిగానే యున్నదని భావింపబడుచు వచ్చినది. సరిగా ఆ కాలముననే అచ్చటి తపాలాశాఖ హొరైజన్ అను కంప్యూటరు లెక్కల వ్యవస్థను ప్రవేశపెట్టెను. ఆ వ్యవస్థ చూపిన లోటుల ఆధారముగా 900కు పైగా తపాలా కార్యాలయ నిర్వాహకులు దొంగతనము, తప్పుడు లెక్కలు మున్నగు నేరములకు దోషులుగా నిర్ణయింపబడిరి. కొందరు చెరసాలకు పోయిరి, కొందరు ఇండ్లు పోగొట్టుకొనిరి. హొరైజన్‌లో దోషములు కలవని 2019లో హైకోర్టు తేల్చినది. ఆ దోషనిర్ణయములను మూకుమ్మడిగా రద్దుచేయుటకు 2024లో పార్లమెంటు ప్రత్యేకముగా చట్టము చేయవలసివచ్చెను. హొరైజన్ రికార్డులకు ఎంత గట్టి హ్యాషు సంఖ్య తీసి యుంచినను ఈ అన్యాయము ఆగెడిది కాదు. తప్పుగా పుట్టిన లెక్క మారకుండ నిలిచినంత మాత్రమున ఒప్పు కాజాలదు. కాన మన క్రొత్త చట్టము యంత్రమును గూర్చిన సంతకమును ఉంచుకొని, దానికి వేలిముద్రను చేర్చుట మెచ్చుకొనదగిన పని. ఒకే పత్రములో రెండు ప్రశ్నలకును చోటు దొరికినది.

లోపము ఆ గడులలో నున్నది. ఎండీ5 పద్ధతిని 1990 ప్రాంతమున అమెరికాలో రొనాల్డ్ రివెస్ట్ రూపొందించెను. రెండు వేరువేరు ఫైలులకు ఒకే ఎండీ5 సంఖ్య వచ్చునట్లు చేయవచ్చునని 2004లో చైనా దేశపు శాస్త్రజ్ఞురాలు వాంగ్ షియావొయున్, ఆమె సహచరులు చేసి చూపిరి. నేడు సామాన్యమైన కంప్యూటరుపై అట్టి జంటను కొద్దిసేపటిలో తయారుచేయవచ్చును. ఇది కేవలము పండితుల వినోదము కాలేదు. 2012లో బయటపడిన ఫ్లేమ్ అను గూఢచార ప్రోగ్రాము ఈ లోపమును వాడుకొని మైక్రోసాఫ్టు సంతకము తనకున్నట్లు నటించెను. షా1 మరికొంతకాలము నిలిచినది. 2017 ఫిబ్రవరిలో గూగుల్ సంస్థవారును, ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత పరిశోధన కేంద్రమువారును కలిసి ఒకే షా1 సంఖ్య గల రెండు వేర్వేరు పి.డి.ఎఫ్. ఫైలులను ప్రకటించిరి. అందుకు 9 లక్షల కోట్ల కోట్లలో పదవ వంతు, అనగా 9 పక్కన 18 సున్నలు పెట్టినంతకు మించిన లెక్కింపులు అవసరమైనవి. ఐనను అది మానవసాధ్యమే యని తేలినది. అమెరికా ప్రమాణముల సంస్థ షా1ను 2030 చివరికల్ల పూర్తిగా విడిచిపెట్టవలెనని 2022లో చెప్పెను. మన అధినియమము ఆమోదము పొందినది 2023 డిసెంబరులో.

విదేశముల మాట యటుంచి, మన చట్టమునే చూడవచ్చును. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 3వ సెక్షను వివరణలో హ్యాషు ప్రమేయమునకు నిర్వచనము కలదు. ఫలితమునుండి మూలమును తిరిగి కట్టుటగాని, రెండు రికార్డులకు ఒకే ఫలితము రాబట్టుటగాని లెక్కింపుచే సాధ్యము కానిదే హ్యాషు ప్రమేయమని దాని భావము. గణితజ్ఞుడు కూడ ఇంతకంటె చక్కగా చెప్పడు. ఈ నిర్వచనముతో కొలిచినచో ఎండీ5, షా1 లు హ్యాషు ప్రమేయములే కావు. ఇరువదిమూడేండ్ల క్రిందట వ్రాసికొన్న మాటను అనుబంధము వ్రాసినవారు తిరిగి చదువుకొనలేదని అనుకొనవలసియున్నది.

ఇచ్చట అతిశయోక్తి పనికిరాదు. ముందే ఉన్న ఒక ఫైలునకు, ముందే వ్రాసియుంచిన ఎండీ5 సంఖ్యకు సరిపోవు మరియొక దొంగ ఫైలును చేయుట నేటికిని ఆచరణలో సాధ్యము కాలేదు. ప్రమాదము వేరొకచోట నున్నది. ఫైలును పుట్టించినవాడే మొదటినుండి ఒకే సంఖ్య గల జంటను సిద్ధపరచి, ఒకదానిని చూపి మరియొకదానిని దాచవచ్చును. అంతకంటె సామాన్యముగా జరుగగలది మరియొకటి: నిజమైన సాక్ష్యము ఎదుట నిలచిన ముద్దాయి తరఫు న్యాయవాది 'ఈ పద్ధతి భగ్నమైనది కాదా?' అని నిపుణుని అడుగును. కాదని నిపుణుడు చెప్పజాలడు. మంచి గడి ప్రక్కనే యుండగా చెడ్డ గడిలో పెట్టిన గుర్తువలన నిజమునకే నష్టము కలుగును.

దీనికంటె పెద్ద లోపము కాలమునకు సంబంధించినది. చట్టము ధ్రువపత్రమును సాక్ష్యము సమర్పించునపుడెల్ల ఇమ్మన్నది. సెల్‌ఫోనును పోలీసులు స్వాధీనము చేసికొన్న దినమున సంఖ్యను తీయవలెనని ఈ సెక్షను అనలేదు. ఫోను చేతికి వచ్చినది జనవరిలో, సంఖ్య తీసినది జూనులో ననుకొందము. జూను పిమ్మట ఫైలు మారలేదని ఆ సంఖ్య గట్టిగా చెప్పగలదు. జనవరికిని జూనుకును నడుమ బీరువాలో ఏమి జరిగినదో దానికి తెలియదు. తాళము వేసినది ఎప్పుడో తెలియని గదికి ఎంత గట్టి తాళమైన నేమి? నమూనా చివర తేదీ, గంట వ్రాయుటకు చోటున్నది. కాని అది సంతకము చేసిన వేళ, సంఖ్య తీసిన వేళ కాదు. సోదాను, స్వాధీనమును దృశ్యశ్రవణరూపమున చిత్రింపవలెనని నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను విధించుట కొంత మేలు. ఆ చిత్రణలోనే సంఖ్యను తీసి చూపినచో ఈ లోటు చాలవరకు పూడును.

సామాన్యుల విషయమున చిక్కు మరియొక రూపమున వచ్చును. బెదిరింపు సందేశము అందుకొన్న విద్యార్థిని ఆ బొమ్మను వాట్సాప్ ద్వారా బంధువునకు పంపి, తన ఫోనులో దానిని చెరిపివేసె ననుకొందము. వాట్సాప్ సాధారణముగా బొమ్మలను కుదించి పంపును. కంటికి ఒకటిగా కనబడినను బిట్లు వేరు, కాన సంఖ్య కూడ వేరు. ఇక బంధువు ఫోనులోని బొమ్మ మొదటిదేనని ఏ హ్యాషు సంఖ్యయు చెప్పజాలదు. మొదటి ఫోనును, మొదటి ఫైలును అట్లే యుంచుట ఎంత అవసరమో ఉన్నత పాఠశాల విద్యార్థులకు చెప్పదగిన సంగతి. ఆపైన ధ్రువపత్రపు రెండవ భాగముపై ఒక నిపుణుడు సంతకము చేయవలెను. ఆ నిపుణుడెవరు, చిన్న పట్టణములో అతడెచ్చట దొరకును అను ప్రశ్నలకు 63వ సెక్షను సమాధానము చెప్పదు.

నాలుగవ గడి ప్రక్కన 'చట్టసమ్మతమైన ప్రమాణము' అని కుండలీకరణములలో నున్నది. అది ఏదియో అనుబంధము చెప్పలేదు. షా256 గడి మాత్రము నేడే సిద్ధముగా నున్నది; దానికి గుర్తు పెట్టుటకు ఏ సవరణయు అక్కరలేదు. సంఖ్యను తీసిన తేదీకి, గంటకు మాత్రము ఆ కాగితముపై ఒక పంక్తి చేర్చవలసియున్నది.