కోటీశ్వరప్రశ్నలు: గృహప్రేక్షకుని యుత్తరములు

తెలుగున బ్రశ్నోత్తరరూపమైన వాఙ్మయము మిక్కిలి ప్రాచీనము. ఆంధ్రమహాభారతమున నారణ్యపర్వశేషమును బూరించిన యెఱ్ఱాప్రెగ్గడ యక్షప్రశ్నల ఘట్టమును దెనిగించెను. పల్లెలలో బొడుపుకథలు నేటికిని జీవించియున్నవి. పృచ్ఛకులు ప్రశ్నింప నవధాని పద్యముఖమున బదులొసగు సభలు తెలుగువారికి సొంతమైన వినోదము. ఇట్టి జాతికి టెలివిజనునందలి ప్రశ్నల పోటీ క్రొత్తదియే యైనను బరాయిది కాదు. దానిని వట్టి కాలక్షేపమని పండితులు త్రోసివేయుట సులభము. ఇంటనే కూర్చుండి, పోటీదారునితో బాటు తామును బదులు చెప్పుచు జూచువారికి దానివలన గలుగునది జ్ఞానమా, జ్ఞానాభాసమా యని విచారించుట మాత్రము సులభము కాదు, ఆవశ్యకము.

ఈ క్రీడకు మూలము ఇంగ్లండున 1998 సెప్టెంబరు 4వ తేదీన నారంభమైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్?' అను కార్యక్రమము. హిందీలో 2000 జూలై 3వ తేదీన అమితాబ్ బచ్చన్ నిర్వాహకుడుగా 'కౌన్ బనేగా కరోడ్‌పతి' వెలసెను. తెలుగున 2014లో మా టీవీయందు అక్కినేని నాగార్జున దీనిని 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అను పేర బ్రారంభించెను. 2017లో చిరంజీవి నడపెను. 2021లో జెమిని టీవీయందు జూనియర్ ఎన్.టి.ఆర్. నిర్వాహకుడుగా 'ఎవరు మీలో కోటీశ్వరులు' అని నామాంతరమున వచ్చెను. అంతకు బూర్వము 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు నడపిన 'క్విజ్ టైమ్' విద్యార్థుల స్పర్ధ. దానికిని దీనికిని ధనమొక్కటే భేదము కాదని ముందు దెలియగలదు.

పేరులను గూర్చి యొక మాట. కోటి, ఈశ్వరుడు అను పదముల సవర్ణదీర్ఘసంధి నిర్దుష్టమే. కాని 'ఎవరు' స్త్రీపురుషులకు సాధారణమైన రూపము, 'కోటీశ్వరుడు' మహద్వాచకైకవచనము. ఈ రెంటిని గూర్చుటచే నన్వయము కుంటువడినది. స్త్రీలును బోటీపీఠము నెక్కుచుండగా బేరు మాత్రము వారిని గుమ్మము వెలుపల నిలిపినది. 2021 నాటి పేరున 'కోటీశ్వరులు' అనుటచే నీ దోషము తొలగెను. అయితే 'మీలో ఎవరు' అను సహజమైన పదక్రమము తారుమారయ్యెను. హిందీపేరున 'కౌన్' ముందుండుటయే దీనికి హేతువేమో యని తోచును. వ్యాపారకారణములు వేఱుండిన నుండవచ్చును. వ్యాకరణమునకు వానితో బని లేదు.

ఇక గ్రంథవిషయము. హిందీలో 2000 నాటి నియమముల ప్రకారము ప్రశ్నలు పదునైదు. ఫలము వేయి రూపాయలతో మొదలై కోటితో ముగియును. పదివేలు, 3,20,000 అను రెండు మెట్లు సురక్షితములు. ఉత్తరము తప్పినవాడు దాను దాటిన సురక్షితపు మెట్టునకు జాఱును. తెలియనివాడు తెలియదని యొప్పుకొని, గెలిచిన ధనముతో లేచి పోవచ్చును. ప్రశ్నకు నాలుగు వికల్పము లుండును. నాటకత్వమంతయు నీ నియమములలోనే యున్నది. దీపకాంతి తగ్గుట, వాద్యఘోష, నిర్వాహకుడు 'ఇదే మీ తుదిమాటయా' యని మఱల నడుగుట యనునవి యలంకారములు మాత్రమే. శంక, ఔత్సుక్యము, చింత యను సంచారిభావములకు జీవము పోటీదారుని చేతనున్న ధనము పోవునేమో యను నిజమైన భయము. 2021లో నొక పోటీదారుడు తెలుగు కార్యక్రమమున గోటి రూపాయలు గెలిచినపుడు చూచినవారు పొందిన యుత్సాహ మిట్టిదే.

అయితే చూచువాడు తానును నాడ నారంభించిన క్షణమున రసస్థితి మాఱును. పోటీదారుడు తడబడగా గృహప్రేక్షకుడు 'నాకు దెలియును' అని యుప్పొంగును; అతడు తప్పినచో లోలోపల సంతసించును గూడ. అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నములలో నిజసుఖాదివివశీభావ మొకటి. ఇంటిలోని యాట కది చక్కని లక్ష్యము. సహృదయుడు ప్రతిద్వంద్వి యగును. ఇది దోషమే యైనను మరణకారణమైన దోషము కాదు. అవధానసభలోను నిట్టి సభ్యు లుండిరి. సమస్య యొసగబడిన వెంటనే, అవధాని యెట్లు పూరించునో యని వేచియుండక, తమలో దామే పాదములు కూర్చుకొనువారు తిరుపతి వేంకటకవుల సభలలోను, విజయనగరమున నాదిభట్ల నారాయణదాసుగారి సభలలోను లేకపోలేదని యూహింపవచ్చును. భేద మెక్కడననగా, సమస్య కుత్తర మొక్కటి కాదు. సభ్యుని పూరణము వేఱై, యవధాని పూరణము వేఱై, రెండును రమ్యములు కావచ్చును. అవధాని పూరణము విని సభ్యుడు తన లోపమును దెలిసికొనును. నాలుగు వికల్పముల ప్రశ్నలో నిట్టి యవకాశము లేదు.

తార్కికులు స్మృతిని, ప్రత్యభిజ్ఞను వేఱుపఱచిరి. ఎదుట వస్తువు లేకయే సంస్కారమువలన గలుగునది స్మృతి. ఎదుటనున్నదానిని జూచి 'అది యిదియే' యని గుర్తించుట ప్రత్యభిజ్ఞ. 'క్విజ్ టైమ్' వంటి స్పర్ధ ప్రధానముగా స్మృతి నడిగెను. కోటీశ్వరక్రీడ యడుగునది ప్రత్యభిజ్ఞను. పదునైదు ప్రశ్నలకు గన్నులు మూసికొని బదులు చెప్పినను సగటున మూడునాలుగు సరిపడును; రెండు వికల్పములు తీసివేయించుకొన్నచో నా ప్రశ్నలో సగము పాలు యదృచ్ఛయే. గృహప్రేక్షకుని మోసపుచ్చునది యిదియే. సరియైన యుత్తరము తెరమీద వెలుగగానే, తాను మొదటినుండియు దానినే తలచితినని యతడు నమ్మును. బుద్ధిపూర్వకముగా నసత్యమాడుట కాదు. ప్రత్యభిజ్ఞ స్మృతివేషము దాల్చి వచ్చును.

ఉదాహరణమున కొక ప్రశ్నను గల్పింపవచ్చును. 'బొఱ్ఱాగుహలకు సంబంధించిన నది యేది? నాగావళి, వంశధార, గోస్తని, శారద.' విశాఖపట్టణమునుండి అరకునకు బోవు మార్గమున, కొండల పాదమున నున్న శృంగవరపుకోటలో బడి కేగు బాలుడు 'గోస్తని' యని తడుముకొనక చెప్పగలడు. ఇంటిలోని పెద్దలు మెచ్చుకొందురు. కాని యా నది యనంతగిరి కొండలలో బుట్టి, సున్నపురాతిని గరగించి గుహలను దొలిచి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియునని, ఆ జలాశయమే విశాఖపట్టణమునకు నీరిచ్చుచున్నదని వాని కెఱుకయా? తన యూరిచెంతనే యున్న యీ కార్యకారణముల వరుస నాలుగు వికల్పములలో నిముడదు. అందుచేత నడుగబడదు, అడుగబడనందున దెలియకున్నను లోపముగా దోచదు. నదీనామమే జ్ఞానమను భ్రమ బాలుని కంటె ముందు పెద్దల కబ్బుచున్నది.

ఈ క్రీడలో మిక్కిలి యున్నతమైన యంశము నింటియాట పోగొట్టుకొనుచున్నది. పీఠముపై గూర్చున్నవాడు 'తెలియదు' అని లేచిపోవుటకు విలువ గలదు. ఆ మాట వాని ధనమును గాపాడును. ఇంట నెవ్వడును 'తెలియదు' అని లేవడు. వానికి బోవునది యేమియు లేదు గనుక ప్రతి ప్రశ్నకు నేదో యొకటి చెప్పును. 2017లో హిందీ కార్యక్రమమువారు జియో సంస్థతో గలసి, ఇంటివారు తమ ఫోనులలోనే బదులు నొక్కునట్లు చేసిరి. దీనివలన నుత్తరము వెలువడిన పిదప మాట మార్చుకొను వెసులుబాటు తగ్గెను. అంతమాత్రము మేలే.

పాఠశాలలలోని పండితులు ఫోనుల యవసరము లేకయే యింతకంటె మేలైన పని చేయగలరు. బాలురు తామింట నాడినపుడు బదులును ముందుగా గాగితముపై వ్రాసి తేవలెను. నాలుగు వికల్పములకు దోడు 'తెలియదు' అని యైదవది యుండవలెను. తప్పుటుత్తరమునకు సున్నయు, 'తెలియదు' అనుదానికి బావు గుణమును, హేతువుతో గూడిన యుత్తరమునకు రెండు గుణములును ఇయ్యవలెను. శృంగవరపుకోటలో దీనిని మొదలుపెట్టువారికి మొదటి ప్రశ్న గోస్తనిని గూర్చియే కావచ్చును, వికల్పములు లేకుండ.