ఆకురాయి నుంచి ఆవిరి టర్బైను దాకా: మెకానికల్ పట్టాకు ఒక ప్రణాళిక

మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా అంటే నాలుగేళ్లలో, ఎనిమిది సెమిస్టర్లలో నిర్ణీత క్రెడిట్లు కూడబెట్టడమేనన్న అభిప్రాయం విద్యార్థుల్లోనూ తల్లిదండ్రుల్లోనూ బలంగా ఉంది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో వెలువరించిన నమూనా పాఠ్యప్రణాళిక ఈ పట్టాకు 160 క్రెడిట్లు సూచించింది. ఒక సెమిస్టరు పాటు వారానికి ఒక గంట సాగే పాఠానికి, లేదా రెండు గంటలు సాగే ప్రయోగశాల పనికి ఇచ్చే విలువే క్రెడిట్. అయితే లెక్క పూర్తయినంత మాత్రాన విద్య పూర్తి కాదు. ఏ పాఠం దేని మీద నిలబడుతుందో, ఆ పాఠం చెప్పే సూత్రం ఏ యంత్రంలో పనిచేస్తోందో తెలుసుకుని చదివినప్పుడే ఈ పట్టాకు సార్థకత కలుగుతుంది. ఈ విషయంలో ఖమ్మం నుంచి భద్రాచలం అడవుల అంచు దాకా ఉన్న ప్రాంతపు విద్యార్థులకు ఉన్న వసతి చాలా నగరాల విద్యార్థులకు లేదు.

ఈ చదువుకు పునాది వర్క్‌షాపు. వడ్రంగం, కమ్మరం, పోతపని, రేకుపని, ఫిట్టింగ్, వెల్డింగ్ అనే చేతిపనులను మొదటి ఏడాదిలోనే నేర్పే సంప్రదాయం ఇంజినీరింగ్ కళాశాలల్లో దశాబ్దాలుగా కొనసాగుతోంది. ఫిట్టింగ్‌లో విద్యార్థి ఇనుప పలకను బెంచ్‌వైసులో బిగించి, ఆకురాయితో అరగదీసి, మూలమట్టంతో లంబకోణాన్ని సరిచూసి, రెండు ముక్కలను సందు లేకుండా ఒకదానిలో ఒకటి ఇమడ్చాలి. వెర్నియర్ కాలిపర్ సాధారణంగా 0.02 మిల్లీమీటరు దాకా, మైక్రోమీటరు 0.01 మిల్లీమీటరు దాకా కొలుస్తాయని పుస్తకంలో చదవడం ఒక ఎత్తు, ఆ కొలతకు లోహాన్ని తెచ్చేందుకు చేయి ఎంత ఓపిక పట్టాలో తెలియడం మరొక ఎత్తు. పోతపనిలో ఇసుక, బంకమట్టి, తేమ తగుపాళ్లలో కలిపి అచ్చు కడతారు. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి నమూనాను కావలసిన పరిమాణం కంటే కొంచెం పెద్దదిగా చేస్తారు, ఇసుక చెదరకుండా పైకి తీయడానికి వీలుగా దాని పక్కలకు స్వల్పంగా వాలు ఇస్తారు. తర్వాతి సంవత్సరాల్లో యంత్రభాగాలను రూపొందించే విద్యార్థికి, తాను కాగితం మీద గీసినది నిజంగా తయారు చేయడానికి వీలైనదా కాదా అన్న వివేకం ఇక్కడే అబ్బుతుంది. ఈ గంటలను హాజరు కోసం, రికార్డు సంతకం కోసం గడిపేయడం పట్టా మొత్తానికి చేటు.

వర్క్‌షాపు తర్వాత గమనించవలసినది పాఠాల వరుస. గణితం, భౌతికశాస్త్రం మీద బలాలూ చలనాలూ వివరించే ఇంజినీరింగ్ మెకానిక్స్ నిలబడుతుంది. దాని మీద, భారం పడినప్పుడు వస్తువు ఎంత వంగుతుందో ఎప్పుడు విరుగుతుందో చెప్పే పదార్థ బలశాస్త్రం. ఆ రెండింటి మీద యంత్రాల గతిశాస్త్రం, చివరికి యంత్రభాగాల రూపకల్పన. మరో వరుస ఉష్ణగతిశాస్త్రంతో మొదలై, ద్రవయాంత్రికశాస్త్రాన్ని కలుపుకుని, ఉష్ణప్రసారం, టర్బైన్ల దాకా సాగుతుంది. మొదటి ఏడాది గణితంలో మిగిలిన బ్యాక్‌లాగు మూడో ఏడాదిలో రెండు వరుసలనూ దెబ్బతీస్తుంది కనుక, ప్రణాళిక వేసుకునేవారు దానిని వెనువెంటనే తీర్చుకోవడం అన్నిటికంటే ముఖ్యం.

ఈ వరుసలోని ప్రతి పాఠానికీ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక నిదర్శనం ఉంది. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు జాడలను గుర్తించారు; 1889లో తవ్వకం మొదలైంది; 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీకి నేడు కొత్తగూడెమే కేంద్రం. బొగ్గూ, గోదావరి, కిన్నెరసాని నీళ్లూ, అడవీ ఒకేచోట ఉండబట్టే తక్కిన పరిశ్రమలు ఇక్కడికి వచ్చాయి. పాల్వంచ థర్మల్ కేంద్రం ఏడో దశలోని 800 మెగావాట్ల యూనిట్ సూపర్‌క్రిటికల్ పద్ధతిలో నడుస్తుంది, అంటే నీటిని 374 డిగ్రీల సెల్సియస్, సుమారు 221 బార్ల పీడనం దాటించడం వల్ల అది మరిగే దశ అంటూ లేకుండానే ఆవిరి లక్షణాలను సంతరించుకుంటుంది. మణుగూరు సమీపంలోని భద్రాద్రి థర్మల్ కేంద్రంలో ఉన్న నాలుగు 270 మెగావాట్ల యూనిట్లు ఆ పీడనానికి లోబడిన సబ్‌క్రిటికల్ పద్ధతివి కావడం వల్ల వాటికి నీటినీ ఆవిరినీ వేరుచేసే డ్రమ్ము అవసరం. ఉష్ణగతిశాస్త్రంలోని ఈ రెండు పద్ధతులనూ ఒకే జిల్లాలో పోల్చి చూడగల అవకాశం అరుదైనది.

సారపాకలోని కాగితపు కర్మాగారం ద్రవయాంత్రికానికీ ఉష్ణప్రసారానికీ ప్రయోగశాల వంటిది. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నీరే ఉన్న గుజ్జు జల్లెడ మీద పరుచుకుని, రోలర్ల మధ్య నలిగి, ఆవిరితో వేడెక్కిన సిలిండర్లను చుట్టుకుంటూ ఆరి కాగితమవుతుంది. చుట్టుపక్కల రైతులు పెంచే జామాయిల్, సుబాబుల్ కలప దానికి ముడిసరుకు. పాల్వంచలో 1980లో ఉత్పత్తి ప్రారంభించిన స్పాంజ్ ఐరన్ కర్మాగారం, ఇనుప ఖనిజాన్ని కరిగించకుండానే, తిరిగే కొలిమిలో బొగ్గుతో ప్రాణవాయువును తొలగించి లోహంగా మార్చే పద్ధతికి దేశంలో దారి చూపింది. బొగ్గుబాయిల్లోని హాలేజీలు, కన్వేయర్ బెల్టులు, గాలిపంకాలు, నీటిని తోడే పంపులు, ఓపెన్‌కాస్టు గనుల్లోని షవల్స్, డంపర్లు యంత్రరూపకల్పన పాఠాలన్నిటికీ ఉదాహరణలే.

ఈ చదువులోకి రెండు ప్రధాన ద్వారాలున్నాయి. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివినవారు రాష్ట్ర ప్రవేశపరీక్ష ద్వారా గానీ, 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైన వరంగల్ ఎన్‌ఐటీ వంటి సంస్థలకు జేఈఈ ద్వారా గానీ చేరతారు. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో ప్రవేశిస్తారు. ఏజెన్సీ గ్రామాల కోయ విద్యార్థులకు రెండో దారి మరింత అనుకూలం, ఎందుకంటే చేతిపనిలో నైపుణ్యం ముందే వస్తుంది, చదువు మధ్యలో ఆగినా డిప్లొమా ఉపాధి చూపుతుంది. అయితే ఆ దారిన వచ్చినవారు మొదటి ఏడాది గణితాన్ని సొంతంగా భర్తీ చేసుకోక తప్పదు.

కాబట్టి ప్రణాళిక ఇలా ఉండాలి. మొదటి ఏడాది గణితం, డ్రాయింగ్, వర్క్‌షాపులకు. రెండో ఏడాది రెండు వరుసల పునాదులకు. రెండో ఏడాది తర్వాతి వేసవిని కళాశాల అనుమతి పత్రంతో గనుల వర్క్‌షాపులోనో విద్యుత్ కేంద్రంలోనో ఇంటర్న్‌షిప్‌కు కేటాయించాలి. మూడో ఏడాది ఎంచుకునే ఐచ్ఛిక పాఠాలు ఆ ఇంటర్న్‌షిప్‌లో ఆసక్తి కలిగించిన యంత్రాల చుట్టూ ఉండాలి. నాలుగో ఏడాది ప్రాజెక్టు, బజారులో కొని తెచ్చిన నమూనా కాకుండా, ఈ ప్రాంతపు పంపుకో బెల్టుకో ఉన్న నిజమైన సమస్యకు పరిష్కారం కావాలి. పట్టా తర్వాత 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద స్టైపెండ్‌తో ఏడాది శిక్షణ పొందవచ్చు. ఉన్నత విద్యకూ కొన్ని ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగాలకూ గేట్ పరీక్ష దారి చూపుతుంది.

బొగ్గూ ఆవిరీ ఈ నేలకు కొత్త కావు. వాటిని శాస్త్రంగా చదివి, నడిపి, మెరుగుపరిచే ఇంజినీర్లు కూడా ఈ నేల బిడ్డలే కావాలి. అందుకు కళాశాలలు కర్మాగారాల ద్వారాలు విద్యార్థులకు తెరిపించాలి, ఉపాధ్యాయులు పాఠాన్ని పక్కనే ఉన్న యంత్రంతో ముడిపెట్టి చెప్పాలి, విద్యార్థులు మొదటి సెమిస్టరులోనే నాలుగేళ్ల సిలబస్ చేతిలోకి తీసుకుని తమ ప్రణాళికను తామే రాసుకోవాలి.