పాట ఎవరిది? పట్టా ఎవరిది?

మొన్న సంక్రాంతికి, నా దగ్గర పదో తరగతి చదివిన ఇద్దరు కుర్రవాళ్లు చూడటానికి వచ్చారు. ఒకతను హ్యూస్టన్‌లోనూ, ఇంకొకతను అట్లాంటాలోనూ ఉద్యోగాలు చేస్తున్నారు. ఊరి సంగతులు మాట్లాడుకోవలసిన ఇద్దరూ కాఫీలు చల్లారిపోయేదాకా అక్కడి ర్యాప్ పాటల గురించి వాదించుకున్నారు. న్యూ ఆర్లిన్స్ నగరానికి తరలివచ్చిన నో లిమిట్ కంపెనీ గొప్పదా, అదే నగరంలో పుట్టిన క్యాష్ మనీ కంపెనీ గొప్పదా? అమెరికా దక్షిణాది ర్యాప్‌కు అసలైన రాజు ఎవరు? మన హీరోల అభిమానులు వంద రోజుల కేంద్రాలు లెక్కపెట్టినట్టే వాళ్లూ అమ్ముడైన రికార్డులు లెక్కపెట్టారు. చివరికి ఒకతను నావైపు తిరిగి, "మీరే చెప్పండి మాస్టారూ! నల్లవాడు తెల్లవాడి కంపెనీ ముందు చెయ్యి చాచకుండా సొంత కంపెనీ పెట్టి, తన పాట మీద తన హక్కు నిలబెట్టుకున్నాడు. ఇది అభ్యుదయం కాదా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అక్కడే ఉన్న ఒక సాహితీమిత్రుడు మాత్రం, "బూతుకూ, బంగారు గొలుసులకూ అభ్యుదయం ఏమిటోయ్!" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆలోచించిన కొద్దీ నాకు ఈ రెండు మాటలూ సగం సగం సత్యాలుగానే కనిపించాయి. అభిమాని యజమానిని చూసి పాటను మరిచిపోతున్నాడు. మన మిత్రుడు పాటలోని మురికిని చూసి, ఆ మురికి ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం మరిచిపోతున్నాడు. విమర్శకుడు చేయవలసిన పని ఈ రెండింటికీ భిన్నమైనది.

ముందుగా చరిత్ర. ర్యాప్ 1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో పుట్టింది. 1980ల చివరికి లాస్ ఏంజిలస్ దానికి రెండో రాజధాని అయింది. అమెరికా నల్లజాతి జనంలో సగానికి పైగా నివసించే దక్షిణాది రాష్ట్రాలకు మాత్రం ఆ పటంలో చోటు లేదు. వాళ్ల యాస మొరటు, వాళ్ల తాళం నాట్యానికే తప్ప ఆలోచనకు పనికిరాదు, వాళ్లు పల్లెటూరి బైతులు అని న్యూయార్క్ తీర్పు. 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో జరిగిన సోర్స్ పత్రిక అవార్డుల సభలో అట్లాంటాకు చెందిన అవుట్‌కాస్ట్ జంటకు కొత్త కళాకారుల బహుమతి వస్తే, సభికులు హేళనగా అరిచారు. అప్పుడు ఇరవై ఏళ్లు నిండిన ఆండ్రే అనే యువకుడు, దక్షిణాదికి కూడా చెప్పవలసింది ఉందని రెండు ముక్కల్లో చెప్పి దిగిపోయాడు. 2004లో అదే జంట ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ బహుమతి అందుకుంది.

ఈ అవమానాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకుడు అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. తెలంగాణ పలుకుబడిని సినిమాలో హాస్యగాడికీ రౌడీకీ కేటాయించిన రోజులు మనకు జ్ఞాపకమే. బడి పలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరు అని కాళోజీ జీవితాంతం ఎందుకు పోట్లాడవలసి వచ్చిందో కూడా జ్ఞాపకమే. ఒక ప్రాంతపు యాసను తక్కువ చేయడమంటే ఆ యాసలో చెప్పుకునే బతుకును లెక్కలోంచి తీసివేయడమే. ఈ విషయంలో దక్షిణాది గాయకుల తిరుగుబాటు న్యాయమైనది. దీన్ని మన మిత్రుడు గుర్తించాలి.

ఇక కంపెనీల సంగతి. న్యూయార్క్ తలుపు తెరవనందువల్లనే దక్షిణాదివాళ్లు సొంత దారి వేసుకోవలసి వచ్చింది. హ్యూస్టన్‌లో జేమ్స్ ప్రిన్స్ 1980ల నడుమ ర్యాప్-ఎ-లాట్ కంపెనీ ప్రారంభించాడు. అదే నగరంలో డి.జె. స్క్రూ పాటల వేగాన్ని బాగా తగ్గించి, ముక్కలు చేసి అతికిన క్యాసెట్లను సొంతంగా తయారుచేసి అమ్మాడు. 2000లో అతను చనిపోయేనాటికి ఆ మందగతి ఒక నగరపు సొంత బాణీగా స్థిరపడింది. రికార్డులను కారు డిక్కీలో పెట్టుకుని చిన్న చిన్న దుకాణాల చుట్టూ తిరిగి అమ్మడం అప్పటి పద్ధతి. పెర్సీ మిల్లర్ అనే మాస్టర్ పి 1990ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో రికార్డుల దుకాణంతో మొదలుపెట్టి, నో లిమిట్‌ను తన సొంత ఊరు న్యూ ఆర్లిన్స్‌కు చేర్చాడు. విలియమ్స్ సోదరులు 1991లో క్యాష్ మనీ పెట్టారు.

వీళ్లు సాధించింది ఏమిటో తెలియాలంటే రికార్డు ఒప్పందం ఎలా పనిచేస్తుందో తెలియాలి. కంపెనీ గాయకుడికి ముందుగా కొంత సొమ్ము ఇస్తుంది. రికార్డింగు ఖర్చు, ప్రచారంలో కొంత ఖర్చు, అన్నీ అతని ఖాతాలో రాసి, అతని కొద్దిపాటి వాటాలోంచే రాబట్టుకుంటుంది. ఆ అప్పు తీరిన తర్వాత కూడా మూల రికార్డు, అంటే వాళ్లు మాస్టర్ అనేది, కంపెనీదే. 1865లో బానిసత్వం రద్దయిన తర్వాత అదే దక్షిణాదిలో వీళ్ల తాతముత్తాతలు పత్తి చేలలో పాలికాపులుగా బతికిన లెక్క ఇది. విత్తనమూ, కంచర గాడిదా, తిండిగింజలూ దొర ఇస్తాడు. ఏడాది చివర లెక్క చూస్తే పంట దొరది, అప్పు రైతుది. మన పల్లెల్లో కౌలు, నాగు, వెట్టి చూసినవాళ్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

ఈ నేపథ్యంలో, 1996లో మాస్టర్ పి ప్రయారిటీ అనే కంపెనీకి పంపిణీ పని మాత్రమే అప్పగించి మాస్టర్లను తన చేతిలో ఉంచుకోవడం, 1998లో క్యాష్ మనీ సోదరులు యూనివర్సల్ సంస్థతో దాదాపు 3 కోట్ల డాలర్లదిగా చెప్పే ఒప్పందం చేసుకుని కూడా మాస్టర్లను వదులుకోకపోవడం చిన్న విషయాలు కావు. పాలికాపు మనవడు భూమి పట్టా సంపాదించినట్టే. నా శిష్యుడి ఉత్సాహానికి కారణం ఇదే. ఆ ఉత్సాహాన్ని నేను గౌరవిస్తాను.

అయితే అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. పట్టా వచ్చింది ఎవరి పేరుమీద? నో లిమిట్ 1998 ఒక్క ఏడాదిలోనే ఇరవైకి పైగా ఆల్బమ్‌లు విడుదల చేసింది. ఒక మిల్లు నడిచినట్టు ఆ కంపెనీ నడిచింది. ఆ పాటలకు బాణీలు కట్టిన బీట్స్ బై ది పౌండ్ బృందం ఆ మరుసటి ఏడాదే పేచీ వచ్చి వెళ్లిపోయింది. క్యాష్ మనీకి పేరు తెచ్చిన జువెనైల్, బి.జి., చివరికి ఆ కంపెనీ శబ్దాన్నంతా ఒంటిచేత్తో నిర్మించిన మానీ ఫ్రెష్ ఒక్కొక్కరే డబ్బు తగాదాలతో బయటికి నడిచారు. చిన్నతనం నుంచే ఆ కంపెనీలో పెరిగిన లిల్ వేన్ 2015లో తనకు రావలసింది రాలేదంటూ 5 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. 2018లో రాజీ కుదిరిన తర్వాతగాని అతని ఆల్బమ్ వెలుగు చూడలేదు. యజమాని రంగు మారింది, ఒప్పందం రంగు మారలేదు. దొర స్థానంలో అన్న వచ్చి కూర్చున్నాడు. అన్న అయినందువల్ల లెక్క అడగడం మరింత కష్టమైంది కూడా.

ఆ పట్టా కూడా అదే కుటుంబంలో నిలుస్తుందన్న హామీ లేదు. 2013లో అట్లాంటాలో పుట్టి మీగోస్ బృందాన్ని లోకానికి పరిచయం చేసిన క్వాలిటీ కంట్రోల్ కంపెనీని 2023లో దక్షిణ కొరియాకు చెందిన హైబ్ సంస్థ అమెరికా విభాగం కొనేసింది. ధర 30 కోట్ల డాలర్లని వార్త. సొంత యాజమాన్యం విముక్తి అని నమ్మిన అభిమాని ఇప్పుడు ఎవరిని రాజు అనాలి? సరుకు అమ్ముడుపోవడానికే తయారవుతుంది. పాటను సరుకుగా తయారుచేసే కంపెనీ కూడా చివరికి సరుకే అవుతుంది.

ఇక్కడ మనవాళ్లలో కొందరు చేసే పొరపాటు ఒకటి ఉంది. యజమాని పెట్టుబడిదారు కనుక పాట కూడా పెట్టుబడిదారీ పాటే అని సూత్రం అప్పజెప్పి ఊరుకుంటారు. పునాదికీ ఉపరితలానికీ ఉన్న సంబంధం ఇంత తేలికైనది కాదు. ఉదాహరణకు అట్లాంటా చూడండి. గూడీ మాబ్ బృందం 1995లో తెచ్చిన "సోల్ ఫుడ్" ఆల్బమ్‌లో పేదల వంటిల్లు ఉంది, పోలీసుల భయం ఉంది, ప్రభుత్వం మీద అనుమానం ఉంది. దాన్ని విడుదల చేసిన లాఫేస్ కంపెనీ వెనుక ఉన్నది అరిస్టా అనే బడా సంస్థ పెట్టుబడి. సొంత యాజమాన్యం అని జబ్బలు చరిచిన న్యూ ఆర్లిన్స్ కంపెనీలు మాత్రం ఎక్కువ భాగం సంపద కీర్తనలే పాడాయి. 1999లో బి.జి. పాట వల్ల వ్యాపించి తర్వాత ఇంగ్లీషు నిఘంటువులకెక్కిన "బ్లింగ్" అనే మాటే దానికి సాక్ష్యం. కాబట్టి యాజమాన్యాన్ని చూసి వస్తువును నిర్ణయించలేము. పాటను పాటగానే వినాలి.

ఆ కంపెనీల ఆల్బమ్ అట్టలు చూసినవారికి ఒక సంగతి తడుతుంది. వాటిలో చాలావాటిని హ్యూస్టన్‌లోని పెన్ అండ్ పిక్సెల్ అనే సంస్థ తయారుచేసింది. వజ్రాలు పొదిగిన అక్షరాలు, రాజభవనాలు, కార్ల వరుసలు అన్నీ కంప్యూటరు మీద అతికించినవే. గాయకుడు ఆ భవనం ముందు ఎన్నడూ నిలబడి ఉండకపోవచ్చు. అతను పుట్టింది ప్రభుత్వం కట్టి వదిలేసిన ఇటుక గూళ్లలో. మన మిత్రుడు దీన్ని సంపద వ్యామోహం అంటాడు. నిజమే. కాని లేని భవనాన్ని అంత పెద్దగా అతికించుకోవలసి రావడంలోనే లేమి ఎంత పెద్దదో తెలుస్తుంది. పేదింటి పెళ్లిపత్రిక మీద ఏనుగు అంబారీ బొమ్మ వేయించుకోవడం వంటిది ఇది. దాన్ని చూసి నవ్వడం సులభం. అర్థం చేసుకోవడం విమర్శకుడి బాధ్యత.

సంపద కీర్తనల నడుమ నుంచే నిజమైన కళ తల ఎత్తిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1998లో క్యాష్ మనీ తెచ్చిన జువెనైల్ ఆల్బమ్‌లోని "హా" అనే పాట ఇందుకు మంచి ఉదాహరణ. అందులో దాదాపు ప్రతి చరణమూ "హా" అనే ఊతపదంతో ముగుస్తుంది. పాటంతా "నువ్వు" అని ఎదుటివాణ్ణి ఉద్దేశించి సాగుతుంది. ఆ "నువ్వు" న్యూయార్క్ శ్రోత కాదు, పక్క వాటాలో ఉండే మనిషి. అతని బడాయి, అతని భయం, అతని చిల్లర తంటాలు, అన్నిటినీ గాయకుడు తీర్పు చెప్పకుండా ఏకరువు పెడతాడు. ఆ "హా"లో వెటకారం ఉంది, అంగీకారం ఉంది, జాలి కూడా ఉంది. రచ్చబండ మీద కూర్చుని ఊళ్లోవాడి గుట్టు విప్పే పెద్దమనిషి గొంతు అది. గాయకుడు పిలిస్తే గుంపు పలికే న్యూ ఆర్లిన్స్ బౌన్స్ సంప్రదాయంలోంచి ఆ శిల్పం వచ్చింది. ఆ సంప్రదాయంలో పేటల పేర్లు, వాడల పేర్లు వరసగా పిలవడం ఒక రివాజు. పిలిచిన పేటవాళ్లు కేక వేస్తారు. ఉన్నామని చాటుకోవడం అన్నమాట.

బూతు గురించి మన మిత్రుడి అభ్యంతరాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఈ పాటల్లో ఎక్కువ భాగం స్త్రీని వస్తువుగా చూస్తాయి. దాన్ని నల్లజాతి సంస్కృతి పేరిట సమర్థించడం తప్పు. నో లిమిట్‌లో మియా ఎక్స్, మెంఫిస్‌లో గ్యాంగ్‌స్టా బూ వంటి స్త్రీలు అదే భాషలో ఎదురు జవాబు చెప్పారు. కాని వాళ్లు నిలబడ్డది మగవాళ్లు వేసిన వేదిక మీదనే. పీడితుడు తనకంటే పీడితురాలైన మనిషిని పీడించడం అభ్యుదయం కాజాలదు.

అయినా తప్పు చెప్పడం విమర్శకుడి పని, శిక్షించడం పోలీసు పని కారాదు. 1990లో మయామీకి చెందిన 2 లైవ్ క్రూ ఆల్బమ్‌ను ఒక ఫెడరల్ న్యాయమూర్తి అశ్లీలమని ప్రకటించాడు. 1992లో పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. 2022లో అట్లాంటాలో యంగ్ థగ్ మీదా, అతని వై.ఎస్.ఎల్. బృందం మీదా ముఠా నేరాల కేసు పెట్టినప్పుడు ప్రాసిక్యూషన్ పాటల చరణాలనే ఆధారంగా చూపింది. అతను 2024 అక్టోబరులో కొన్ని నేరాలు ఒప్పుకుని 15 ఏళ్ల ప్రొబేషన్ మీద విడుదలయ్యాడు. ఆ కేసులో నేరాల నిజానిజాలు వేరే సంగతి. పాటను సాక్షిబోనులో నిలబెట్టడం మాత్రం మనకు కొత్త కాదు. 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్రకేసులో తెలుగు కవుల రచనలను కుట్రకు ఆధారాలుగా చూపారు. 1989లో ఆ కేసు వీగిపోయింది. ఆ అనుభవం ఉన్న మనం అట్లాంటాలో చరణాలు చదివి వినిపించే ప్రాసిక్యూటర్‌తో గొంతు కలపలేము.

చివరిగా ఒక సంగతి. 2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చి న్యూ ఆర్లిన్స్ మునిగింది. పేదలు హ్యూస్టన్‌కూ, అట్లాంటాకూ చెదిరిపోయారు. 2007 డిసెంబరులో నగర కౌన్సిల్ నాలుగు ప్రభుత్వ గృహ సముదాయాలను కూల్చడానికి ఆమోదం తెలిపింది. దాదాపు 4,500 ఇళ్లు. మాస్టర్ పి పుట్టి పెరిగిన కాలియోప్, జువెనైల్ "హా" చిత్రీకరించిన మాగ్నోలియా వాటిలో ఉన్నాయి. పాటల మీద హక్కు సంపాదించినవాళ్లు ఉన్నారు గాని, ఆ పాటల్లో పేరు పేరునా పిలిచిన వాడలమీద హక్కు ఆ వాడలవాళ్లకు దక్కలేదు. ఇవాళ ఆ పేరు పిలిస్తే కేక వేయడానికి ఆ గోడల మధ్య ఎవరూ లేరు. ఆ కేక రికార్డులోనే మిగిలింది.

నా శిష్యుడికి నేను ఇప్పుడు చెప్పగల జవాబు ఇది. సొంత పట్టా కోసం పోరాడటం ముందడుగే నాయనా, కాదనను. కాని పట్టా ఒక్కరి పేరుమీద ఉండి, పలికినవాడూ, బాణీ కట్టినవాడూ, పాటలోని వాడా పాలికాపులుగానే మిగిలిపోతే ఆ అడుగు అక్కడే ఆగిపోయినట్టు. రాజు ఎవరని కాదు, లెక్క ఎవరు చూస్తున్నారని అడుగు. ఈ ప్రశ్న అక్కడివాళ్లకే కాదు, మనకు కూడా. మన పల్లె పాట సినిమాకెక్కినప్పుడు "జానపదం" అని ఒక్క మాట వేసి ఊరుకుంటున్నాం. ఆ పాట కట్టిన నాట్లమ్మకు పేరూ లేదు, వాటా లేదు. ఆ లెక్క అడగవలసినవాళ్లం మనమే.